సంగంలో మా బండ

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

మాది అమీర్‌పేటలో ఇస్త్రీ డబ్బా. పెళ్ళైన కొత్తలో ఇళ్ళ బట్టలన్నీ మూట కట్టి, ఆయన సైకిలు మీద పంజాగుట్ట, మాసబ్ ట్యాంక్ దాటి లంగర్‌హౌజ్ సంగం దాకా వెళ్ళేవాళ్ళం. అక్కడ ఈసీ నది వచ్చి మూసీలో కలుస్తుంది. కలిసినా రెండు నీళ్ళూ వెంటనే ఒకటి కావు. వానాకాలంలో కొంత దూరం ఒకటి ఎర్రగా, ఒకటి తేటగా, పక్కపక్కనే నడుస్తాయి. ఆయన బట్టలుతికే బండ సరిగ్గా ఆ గీత మీద ఉండేది.

"తెల్లయి గీ దిక్కు, రంగులయి గా దిక్కు. కలిపినవో, నిన్ను సుత తీగె మీద ఆరేస్త," అనేవాడు.

మోకాళ్ళ లోతులో నిలబడితే ఒక కాలికి చల్లగా, ఒక కాలికి గోరువెచ్చగా తగిలేది. ఆ తేడా ఇప్పటికీ నిద్రలో నా కాళ్ళకు తెలుస్తుంది.

ఆయన పోయాడు. రేవూ ఆగిపోయింది. పక్షుల్ని, పాత రాతిమెట్లను కాపాడాలని సంగం చుట్టూ కంచె వేశారు. మంచిదే. మొన్న వానలు కాస్త తెరిపిచ్చాక, నా దగ్గర చీరలు ఇస్త్రీ చేయించుకునే మేడమ్ ఒకామె వచ్చింది. ఆ కంచె పనులు చూసేది ఆమే.

"చాకిరేవు బండ ఒకటి తీసి గేటు దగ్గర పెడుతున్నామండీ, అందరూ చూసేలా. మీవారిది ఏదో చూపిస్తారా?"

నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగింది. నీళ్ళలోంచి తీస్తే అది ఎండిపోతుంది. గీత నదిలోనే ఉండిపోతుంది.

అయినా ఆమె వెంట వెళ్ళాను. తుంగ భుజం దాకా పెరిగింది. మెట్ల కింద మిగిలినవి రెండే బండలు, మాదీ, మా పక్కనే ఉతికిన తోటికోడలిదీ. మా బండ మీద లకుముకి పిట్ట కూర్చుని ఉంది. ఆయన ఉతికి ఉతికి పడిన గుంటలో కొంచెం ఆకాశం ఉంది.

"ఏదండీ?"

తోటికోడలి బండ చూపించాను.

"బాగా గుర్తుందా?"

"నా మొగుని బండ నాకెర్క లేదా బిడ్డా?"

అబద్ధం అంత సాఫీగా వస్తుందనుకోలేదు.

బండను గేటు దగ్గర నిలబెట్టి, పక్కన 'చాకిరేవు బండ' అని బోర్డు పెట్టారు. చూద్దామని తోటికోడలిని నేనే తీసుకెళ్ళాను. ఆమె బండ అంచు తడిమి, నా వైపు తిరిగింది.

"గిది నాది గదా అక్కా."

"నీదే. జర పేరొచ్చింది, ఇంకేం ఫికర్?"

"బావది ఏడుంది?"

నదివైపు గడ్డంతో చూపించాను.

"మీది నానాలె, నాది ఎండాలెనా?"

మెట్లు దిగి, సంచిలో ఉన్న రెండు ఖాళీ సీసాలు ముంచుకొచ్చాను, తేటది ఒకటి, ఎర్రది ఒకటి. ఆమె చేతికే ఇచ్చాను. బండ మీద అటు కొంత, ఇటు కొంత పోసింది. బూడిదరంగు రాయి మెల్లగా నల్లబడి, మెరిసింది.

కాపలా అతను వచ్చాడు. "ఏందవ్వా, గది దేవుడా, నీళ్ళు పోస్తున్నవ్?"

"బండనే," అంది తోటికోడలు. "మా అక్క ప్రతి వారం వచ్చి తడుపుతది. జర గేటు తీసి పెట్టు."

ఇప్పుడు ప్రతి వారం వెళ్తున్నాను.