కోసిన వల

వన్ టౌన్‌లో వలలమ్మే దుకాణం ముందు నుంచి వెళ్తుంటే కొత్త నైలాను దారం వాసన ముక్కుకు తగిలి నిలబడిపోయాను. మా నూకాలత్త గుర్తొచ్చింది. కర్మ గురించి గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలన్నీ చదివినవాణ్ణి నేను. వాటిలో ఎక్కడా ఆవిడ ఆలోచన నాకు కనబడలేదు. ఆవిడతో పాటే అది పోకూడదని ఇది రాస్తున్నాను.

ఆవిడ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. చేపల రేవులో అమ్మకం. నేను జిరాక్స్ షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. తిరిగొస్తుంటే అరుగు మీద నుంచి కేకేసేది. “ఏటల్లుడా, ఇయ్యాల ఏటి సదివినావు? నాకూ కాస్త వడ్డించు.” విన్నదాన్ని ఊరికే వదిలేది కాదు. చేపను తిప్పి తిప్పి చూసినట్టు చూసేది.

ఆవిడ భర్త ఎర్రయ్య మావ బోటు నడిపేవాడు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. రోజూ వేళ్లు కదిలిస్తే కొంత తిరిగి రావచ్చని ఆసుపత్రిలో చెప్పారు, ఆలస్యమైతే బిగుసుకుపోతాయని కూడా చెప్పారు. ఆయన కదపనన్నాడు. కారణం అడిగితే గోడవైపు తిరిగి చెప్పాడు. సముద్రంలో రెండు బోట్ల వలలు చిక్కుపడితే, విడిపించుకోడానికి అవతలివాడి వల కోసినవాడు ఒడ్డుకొచ్చాక తన చేత్తోనే బాగుచెయ్యాలి. అది అక్కడి కట్టుబాటు. తుఫాను కమ్ముకొస్తున్న ఒకరోజు ఆయన పక్క బోటు గురుమూర్తి వల కోశాడు. తర్వాత బాగుచెయ్యలేదు.

“కోసిన సెయ్యే పడిపోనాది. ఇది నా కర్మ. అనుబవించాల.”

నూకాలత్త నావైపు తిరిగింది. “నీ పుస్తకాల్లో ఏటుంది?”

కర్మ మూడు రకాలని చెప్పాను. వెనకటి నుంచి పోగుపడింది, ఇప్పుడు అనుభవిస్తున్నది, ఇకముందు ఫలించడానికి ఇప్పుడు చేస్తున్నది.

“మూడోది ఇంకా మన సేతుల్లోనే ఉన్నాదా?”

“ఉంది.”

ఆవిడ మావవైపు తిరిగింది. “ఇన్నావా? లెగు. గురుమూర్తి వల బాగుసేద్దుగాని.”

“ఆ వల ఎప్పుడో సిరిగిపోనాదే!”

“ఆడికి ఇంకో వల లేదేటి?”

మర్నాడు ఆటోలో రేవుకి తీసుకెళ్లాం. ఎర్రయ్య మావ తలెత్తలేదు. గురుమూర్తి సంగతి విని, చిరిగిన తన వలను ఆయన ఒళ్లో పడేశాడు. వేళ్లు వణికి సూది జారిపోయేది. నూకాలత్త పట్టుకోబోతే గురుమూర్తి ఆపాడు. “నువ్వు కోసినావేటి? ఆణ్ణే సెయ్యనీ.” మొదటి ముడి చూసి నవ్వాడు. “బావా, ఈ ముడిలోంచి సొరసేప పిల్లల్తో సహా ఎల్లిపోద్ది. మల్లీ ఎయ్యి.” ఎర్రయ్య మావ ఏడుస్తూనే నవ్వాడు. ఆ తర్వాత రోజూ వెళ్లాడు.

చెయ్యి పూర్తిగా రాలేదు. మళ్లీ బోటెక్కలేదు. కానీ టీ గ్లాసు పట్టుకున్నాడు, చొక్కా బొత్తాలు పెట్టుకున్నాడు. నాకు సందేహం తీరలేదు. “అత్తా, ఇది కర్మా, వ్యాయామమా?”

“యాయామం కర్మ కాదేటి? అదీ సేసిందే కదా.”

“మరి ఏ తప్పూ చెయ్యనివాళ్లకూ పక్షవాతం వస్తుంది కదా?”

చేప పొలుసు తీస్తున్న కత్తి ఆగింది. “అది నాకు తెల్దు. ఊరోల్ల కట్టాలకి కారనం సెప్పడానికి నానెవుర్ని? మీ మావని మంచాన పడేసింది ఆ నమ్మకమే, లేపిందీ ఆ నమ్మకమే. ఎటు తిప్పుకుంతే అటు.”

ఆమె ఆపేసిన చోటు దాటి ఏ పుస్తకమూ నన్ను తీసుకెళ్లలేదు. ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. ఇంకొకరి కష్టం చూసి మాత్రం ‘కర్మ’ అనను. ఆ మాట నాకోసం అట్టేపెట్టుకున్నాను, నేను చెయ్యవలసింది మిగిలి ఉన్నప్పుడు అనుకోవడానికి.

రేవు కట్టుబాట్లు వివరించిన గురుమూర్తి గారికి, అమ్మ మాటలు గుర్తుచేసిన నూకాలత్త కూతురు పైడితల్లికి, గడువు దాటినా పుస్తకాలు ఉంచుకోనిచ్చిన గ్రంథాలయం సుభాషిణి గారికి కృతజ్ఞతలు. ఎర్రయ్య మావకు ఇదంతా చదివి వినిపించి, పేరు మార్చి రాయనా అని అడిగాను. “మార్సకు, సేసింది నానే కదా” అన్నాడు. ఆయనకు అందరికంటే ఎక్కువగా.