లెక్కల పిల్లకు బడి వెతుకుతూ, కాప్రా నుంచి సికింద్రాబాద్ దాకా

మా నిత్యకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. లెక్కలంటే దానికి ప్రాణమని కనిపించిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని. పోయిన వారం జడ వేస్తుంటే, "అమ్మా, నాకు లెక్కలు రావని మా మిస్‌కు చెప్పనా? అప్పుడు అందరితోటి కూర్చోవచ్చు కదా" అంది. దువ్వెన నా చేతిలోనే ఆగిపోయింది. బుజ్జగించి అడిగితే సంగతి బయటపడింది. మిస్ బోర్డు మీద లెక్క రాయడం పూర్తి కాకముందే ఇది జవాబు చెప్పేస్తోందట. మిగతా పిల్లలు ఆలోచించడమే మానేస్తున్నారని, లెక్కల పీరియడ్ వచ్చినప్పుడల్లా దీన్ని వెనక బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టి బొమ్మలకు రంగులు వేయమంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కోపం చల్లారాక భయం పట్టుకుంది. ఈ పిల్ల రేపో మాపో నిజంగానే లెక్కలు రావని చెప్పేస్తుంది, కొన్నాళ్ళకు తనే నమ్మేస్తుంది. వేరే బడి చూడాల్సిందేనని ఆ పూటే తేల్చుకున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పిల్లలుంటే మా సోమవారం కథ మీకు పనికొస్తుంది.

మా ఆయనకు సెలవు దొరకలేదు. అత్తమ్మ మాత్రం "నా మనుమరాలి సంగతి నేను జూస్కోవద్దా?" అని ముందే చీర మార్చుకుని కూర్చుంది. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. మేము బయల్దేరాల్సింది ఎనిమిదికి. దానికి అత్తమ్మ దగ్గర మందుంది, పరస్థానం. మంచి గడియలో సంచి తీసుకెళ్ళి పక్కింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క, మనుషులు తర్వాత ఎప్పుడు కదిలినా దోషం లేదు. నిత్య సర్టిఫికెట్లు, ప్రోగ్రెస్ కార్డు, పోటీల్లో గెలిచిన పతకాలు ఉన్న సంచిని ఏడు లోపే పక్కింటి సుగుణక్క సోఫాలో దింపి వచ్చింది. ఎనిమిదింటికి ఆటో వచ్చింది, మేము ఎక్కాము.

కాప్రా నుంచి మల్కాజ్‌గిరికి ఆటోకు నూటయాభై అడిగాడు, నూటముప్పైకి ఒప్పుకున్నాడు. పొద్దున పూట ట్రాఫిక్‌లో ముప్పావు గంట పడుతుంది, ఆ మేరకు ముందే కదలండి. ఎందుకు పోతున్నామో అత్తమ్మ నోటి వెంట విన్న డ్రైవరన్న అద్దంలోంచి నిత్యను చూశాడు. "లెక్కలు రాకుంటే తక్లీఫ్ గని, వస్తే పరేషాన్ ఏందమ్మా?" అన్నాడు. "గదే నాయినా, నాకు సుత సమజైతలేదు" అంది అత్తమ్మ.

మల్కాజ్‌గిరిలో మేము చూసిన బడి అద్దాల మేడ. లోపల ఏసీ, టై కట్టుకున్న అడ్మిషన్ల కౌన్సిలర్, మాకు మంచినీళ్ళ సీసాలు. "పాప ఫైల్ ఇవ్వండి మేడమ్" అన్నాడు. నేను అత్తమ్మ వైపు చూశాను, అత్తమ్మ నా వైపు చూసింది.

"సంచి నీ దగ్గర లేదా?"

"మీరే కదా అత్తమ్మా సుగుణక్క ఇంట్లో పెట్టింది!"

"పెట్టిన. తెచ్చుడు నీ పని గద!"

సుగుణక్కకు ఫోన్ చేస్తే ఒకటే నవ్వు. "మీకన్నా ముందే బయల్దేరింది గద నీ సంచి, ఇంక నా సోఫాల్నే కూసుంది" అంది. చచ్చేంత సిగ్గేసింది. ఫైల్ లేకపోతే పరీక్ష కుదరదని, సీటు కావాలంటే మాత్రం ఈరోజే అడ్వాన్స్ కట్టి ఆపుకోవచ్చని కౌన్సిలర్ అన్నాడు. నిత్యను నేరుగా ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో వేస్తారట. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా క్లాసులు. ర్యాంకు వస్తే చౌరస్తాలో ఫ్లెక్సీ. "ఫోటో పెద్దగనే వేస్తరా బాబూ?" అని అత్తమ్మ అడగనే అడిగింది. నిత్య మాత్రం "ఆటల పీరియడ్ ఎప్పుడు అంకుల్?" అంది. శనివారం, అదీ పరీక్ష లేని శనివారమట. పిల్ల నా చున్నీ అంచు పట్టుకుంది. మేము లేచాము.

అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు లోకల్ రైలు ఉంది, కానీ అది మన కోసం ఆగదు. వేళలు చూసుకోకుండా వెళ్ళినందుకు కళ్ళ ముందే పోయింది. బస్సెక్కాము. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు చార్జీ లేదు, మరిచిపోకుండా పెట్టుకోండి. మా ముగ్గురివీ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కండక్టరమ్మ మూడు జీరో టికెట్లు కొట్టి ఇచ్చింది. నిత్య తన టికెట్ తిప్పి తిప్పి చూసి, "సున్నా రూపాయలైతే టికెట్ ఎందుకు ఆంటీ?" అంది. "ఎంతమంది ఎక్కిన్రో సర్కారుకు లెక్క జెప్పాలె గద బిడ్డా. మీ పైసలు మాకు సర్కారే ఇస్తది" అంది ఆవిడ. "అంటే ఇది సున్నా కాదన్నమాట!" అని పిల్ల కిటికీలోకి తిరిగి తనలో తనే నవ్వుకుంది. అద్దాల మేడలో మాయమైన నవ్వు తిరిగొచ్చినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

సికింద్రాబాద్‌లో దిగి, మోండా మార్కెట్ పక్క గల్లీలో చిన్న మెస్సులో భోజనం చేశాం. ముగ్గురికీ కలిపి మూడు వందల లోపే. పప్పుచారు అద్భుతం. వడ్డించే ఆవిడ "చిన్నమ్మా, జెర అన్నం ఏస్తా, గింత తింటే ఎట్ల?" అంటూ నిత్య కంచంలో ముద్ద మీద ముద్ద వేసింది. అత్తమ్మ సందు చూసుకుని నాలుగు మెంతికూర కట్టలు కొనేసింది. బడికి మెంతికూరతో పోతామా అని నేను, పోతే ఏమైతదని ఆమె.

రెండో బడి ఆ దగ్గరలోనే, పాత మిద్దె. బయట బోర్డు కూడా వెలిసిపోయింది. ముందురోజు ఫోన్‌లో మాట్లాడిన లెక్కల టీచర్ వసంత గారు వరండాలోనే ఎదురయ్యారు. పరస్థానం సంగతంతా ఏకరువు పెట్టి, కాగితాలు లేవండీ అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు. "సంచి లేకుంటే ఏంది, పిల్లను తెచ్చిన్రు గద. ఇప్పుడు నాకు ఏడో తరగతి పీరియడ్ ఉంది. నడువు బిడ్డా." మెంతికూరతో సహా మమ్మల్ని కిటికీ బయట బెంచీ మీద కూర్చోబెట్టారు.

బోర్డు మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా రాశారు. మధ్యలో మీ ఇష్టమున్న చోట కూడిక, ఇష్టమున్న చోట తీసివేత గుర్తు పెట్టండి, చివరికి సున్నా రావాలి అన్నారు. క్లాసంతా గోల గోలగా మొదలైంది. నిత్య కాసేపు రాసింది, కొట్టేసింది, లేచి నిలబడింది.

"రాదు టీచర్."

"నీకు వస్తలేదా, ఎవ్వరికీ రాదా?"

పిల్ల మళ్ళీ పుస్తకం మీదికి వంగింది. ఇన్నేళ్ళలో ఎవరూ దాన్ని అలా అడగలేదు. కాసేపటికి నెమ్మదిగా చెప్పింది. "ఎవ్వరికీ రాదు. అన్నీ కూడితే యాభై అయిదు. ఏ కూడికను తీసివేతగా మార్చినా దానికి రెట్టింపు తగ్గుతుంది. అంటే ఎప్పుడూ సరిసంఖ్యే తగ్గుతుంది. బేసి లోంచి సరి తీస్తే బేసే మిగులుతుంది. సున్నా బేసి కాదు కదా." పక్కన కూర్చున్న రెండు జడల అమ్మాయి "వామ్మో!" అని దీని వీపు మీద చరిచింది.

నా కళ్ళలో నీళ్ళు. అత్తమ్మ మెటికలు విరిచింది. టీచర్ మాత్రం పొగడలేదు. "మంచిది. పదికి రాదు. మరి పది దాటినంక ఎక్కడి దాకా రాస్తే వస్తది, ఎందుకు వస్తది?" అన్నారు. ఈసారి నిత్య ఆగిపోయింది. ఆ రెండు జడల అమ్మాయితో కలిసి రాసింది, వాదించింది, తప్పు చేసింది. గంట మోగింది. జవాబు రాలేదు.

"అయ్యో, పిల్లకు రాకపాయె. ఇంక తీస్కోరేమో" అని అత్తమ్మ గుసగుసలాడింది. నిజం చెప్పొద్దూ, నాకూ అదే భయం.

వసంత గారు మా పక్కన కూర్చుని సూటిగా చెప్పారు. జూన్ నుంచి ఐదో తరగతి, తన ఈడు పిల్లలతోనే. ఐదుకూ ఏడుకూ లెక్కల పీరియడ్ ఒకే వేళకు పెడతారు, ఆ గంట మాత్రం నిత్య ఆవిడ దగ్గరకు వస్తుంది. ముందురోజు నా ఫోన్ కాగానే హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడి ఉంచారట! ఎగిరి గంతేయాలనిపించింది. "ఒక్కటే మాట అమ్మా" అని అత్తమ్మ వైపు తిరిగారు. "ఇంటికి ఎవరన్న వస్తే వాళ్ళ ముందు పిల్లతోటి లెక్కలు చెప్పియ్యొద్దు. జల్ది జవాబు చెప్పుడే గొప్ప అనుకుంటది. ఆగి ఆలోచించుడు మర్చిపోతది." మా ఇంటికి ఎవరొచ్చినా చాయ కంటే ముందు వచ్చేది నిత్య ఎక్కాలే. అత్తమ్మ మొహం ముడుచుకుంది. మెంతికూర కట్టలు ఒళ్ళోకి తీసుకుని, "సరే టీచరమ్మా. ఇగ నుంచి వచ్చినోళ్ళకు చాయే పోస్తా" అంది.

పిల్ల తెలివి ఎంత గొప్పదైతే అంత పెద్ద మేడ కావాలనుకున్నాను. నిత్యకు తెలిసింది విని మెచ్చుకునేవాళ్ళు మా ఇంటి నిండా ఉన్నారు. తెలియనిదాని ముందు దాన్ని ధైర్యంగా నిలబెట్టేవాళ్ళే కరువయ్యారు. తిరుగు బస్సులో అది జీరో టికెట్ వెనక పెన్సిలుతో గీస్తూనే ఉంది. దారిలో ఒక్కసారిగా "పదకొండుకు వచ్చిందమ్మా!" అని అరిచింది, బస్సంతా తిరిగి చూసింది. ఎందుకు వచ్చిందని అడిగాను. "అదే తెలీట్లేదు!" అంది, పండగ బట్టలు దొరికినంత సంబరంగా. రాసుకోవడానికి నా జీరో టికెట్ కూడా దానికే ఇచ్చేశాను.

మీకు ఒక్కటే సలహా. భవనం చూడటం తర్వాత, ముందు మీ పిల్లను ఒక పీరియడ్ కూర్చోబెట్టమని అడగండి. బయటికి రాగానే "నచ్చిందా?" అని అడగకండి, "ఏ లెక్క రాలేదు?" అని అడగండి. రాని లెక్క గురించి పిల్ల కళ్ళింత చేసుకుని చెబితే, ఆ బడిలో చేర్చేయండి.