జీపులో ఇద్దరికి జాగ

మా అత్తగారి ఊరు ఇచ్చోడ నుంచి అడవి లోపలికి ఉంటుంది. ఎండాకాలం వస్తే ఊరంతా బీడీల తునికాకు పనిలో పడేది. ఆకు కాంట్రాక్టరు జీపు తప్ప ఆ ఊళ్ళో మరో మోటారు బండి లేదు. నా రెండో కాన్పు సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. పొద్దుటి నుంచి నొప్పులు. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందని, తన వల్ల కాదని మంత్రసాని చెప్పేసింది. ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మంది. నా మొగుడు ఉరికి జీపును పిలుచుకొచ్చాడు.

నన్ను ఎక్కించబోతుంటే, పెద్దమామను పాము కరిచిందని ఆకు ఎండేసే కల్లం నుంచి మోసుకొచ్చారు. పెద్దమామ అంటే మా మామకు అన్న. ఆ ఇంట్లో నన్ను "తిన్నవా బిడ్డా" అని అడిగే మనిషి ఆయనొక్కడే.

ఇద్దరినీ ఎక్కిస్తే అయిపోయేది. అన్ని ఆకు బస్తాలు పట్టే జీపులో మేమిద్దరం పట్టమా? కానీ మా అత్త బండికి అడ్డం నిలబడింది.

"పాము కరిచినోన్ని కడుపుతోటున్న ఆడిది చూస్తే విషం నెత్తికెక్కుతది. ఇద్దర్ని ఒక్క బండ్ల ఎట్ల పంపుతరు?"

ఇంకేం, పంచాయితీ మొదలైంది. మంచం మీద నొప్పులు పడుతూ అంతా విన్నాను. కోడల్ని పంపితే, పెద్దాయనకు ఏమన్నా అయితే ఆ పాపం ఎవరిది? పెద్దాయనను పంపితే, తల్లీబిడ్డల రెండు పానాల పాపం ఎవరిది? పాపం ఎవరి నెత్తిన పడుతుందన్న ఫికరే తప్ప, ఎవరు బతుకుతారన్న మాట ఒక్క నోటా రాలేదు.

చివరికి పెద్దమామనే అడిగారు. "కోడల్ని పోనియ్యుండ్రి" అన్నాడు. ఆ మాట నాకు చేరవేశారు. కోడలిని కదా, "మామనే పోనియ్యుండ్రి" అన్నాను. మర్యాదకన్నాను. లోపల ప్రాణమంతా ఆ బండి ఎక్కాలనే కొట్టుకుంటోంది. మా ఇద్దరి మాటా విని పెద్దమనుషులు ఎంత సంబరపడ్డారో. "వాళ్ళే వద్దంటున్రు, మనమేం జేస్తం?" అని బీడీలు ముట్టించారు.

నాకు ఒళ్ళు మండింది. "నేను కండ్లు మూసుకుంటనయ్యా, ఇద్దర్ని ఎక్కియ్యుండ్రి" అన్నాను.

"నొప్పికి తెరుస్తవ్" అంది అత్త.

అయితే నా కళ్ళకు గుడ్డ కడదామన్నారు. కడితే పుట్టే బిడ్డ గుడ్డిదవుతుందని మంత్రసాని అంది. పోనీ పెద్దమామ ముఖం మీద గుడ్డ కప్పుదామన్నారు. బతికున్న మనిషికి ముఖం కప్పుతారా అని మా మామ ఏడుపందుకున్నాడు. మధ్యలో చీర అడ్డం కడదామన్నారు. తెల్లది వద్దు, నల్లది వద్దు, నా పెళ్ళి చీరయితే అసలే వద్దు. నా మొగుడు చేతిలో చీర పట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ ముఖం చూస్తూ నిలబడ్డాడు. రెండు కొసలు జీపుకు కడితే అయిపోయే పని. కట్టలేదు.

ఇంతసేపూ జీపు ఇంజను నడుస్తూనే ఉంది. "బంద్ జేస్తే మళ్ల తోసుడే" అని డ్రైవరు ఆపలేదు. ఎవరో పసుపు చీర తెచ్చారు, అందరూ సరేనన్నారు. అప్పుడు బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. తోశారు. కదల్లేదు.

"పెట్రోల్ అయిపోయింది" అన్నాడు డ్రైవరు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. మా ఊళ్ళో ఆకుకేం తక్కువ? డబ్బా కట్టుకుని నా మొగుడు సైకిలు మీద ఇచ్చోడకు పోయాడు. దీపాలు పెట్టే వేళకు పెద్దమామ పోయాడు. ఆ వెంటనే బిడ్డ పుట్టింది. ఏడ్చింది కూడా. నాకు మాత్రం రక్తం ఆగలేదు.

"దేవుడే తీర్పు జేసిండు. ఎవల పాపం ఎవలకు అంటలే" అన్నారు పెద్దమనుషులు. నిజంగానే వాళ్ళ ముఖాలు తేటపడ్డాయి. తీర్పు చేసింది దేవుడు కాదు, పెట్రోలు. లేచే ఓపిక ఉంటే ఆ మాట వాళ్ళ ముఖానే అనేదాన్ని.

తెల్లారి పెట్రోలు వచ్చింది. పాము చావు కాబట్టి శవాన్ని పోస్టుమార్టానికి ఆదిలాబాద్ తీసుకుపోవాలన్నారు. రక్తం పోతోంది కాబట్టి నన్నూ తీసుకుపోవాలన్నారు. ఈసారి మా అత్త అడ్డం రాలేదు. "సచ్చినోనికి ఇంకేం విషం ఎక్కుతది? పురుడైనా చావైనా మైల మైలే, ఒక్క ఇంటిదే గద" అంది.

ఇద్దరినీ ఎక్కించారు. బిడ్డను పట్టుకుని అత్త కూర్చుంది. చావుకు వచ్చిన చుట్టాలు కూడా ఇద్దరు ఎక్కారు. ఇంకా జాగ మిగిలింది. మట్టిరోడ్డు మీద బండి ఎగిరినప్పుడల్లా పెద్దమామ ముఖం మీది గుడ్డ జారిపోయేది. ఆదిలాబాద్ దాకా ఆయన్నే చూస్తూ పోయాను. కళ్ళు మూసుకొమ్మని ఎవరూ అనలేదు.