సుగుణ టీచరు చరిత్ర తోట

ఈ ఉదయం దర్శి బజారులో ఎవరో ఖర్బూజా కోశారు. ఆ వాసన తగలగానే సుగుణ టీచరు గుర్తొచ్చి, కొనాల్సినవి కొనకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆవిడ మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. పాఠం సగం తరగతి గదిలో, సగం బడి వెనక ఆవిడ పెంచిన తోటలో జరిగేది. పర్వతాలు దాటి వచ్చి ఢిల్లీ ఏలిన ఒక పాదుషా, సొంత దేశపు ఖర్బూజా కోస్తూ కన్నీళ్ళు పెట్టుకున్నాడని ఆ పాదు పక్కనే కూర్చోబెట్టి చెప్పారు. మఠం పెరట్లో బఠాణీలు పెంచి, తల్లిదండ్రుల పోలికలు పిల్లలకెలా వస్తాయో కనిపెట్టిన సన్యాసి గురించి బఠాణీ తీగ దగ్గర చెప్పారు. ఆయన గొప్పతనం ఆయన పోయాక గానీ లోకానికి తెలియలేదట. మా నాన్నది మిరప సేద్యం. మిరప మన దేశానిది కాదు, ఓడలెక్కి వచ్చిందని టీచరు చెప్పారంటే నాన్న నమ్మలేదు. నేను మాత్రం ఆ రోజే చరిత్ర చదవాలనుకున్నాను.

చదివాను. అదే బడికి హెడ్మిస్ట్రెస్‌గా వచ్చాను. అప్పటికి ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయింది. అయినా రోజూ పొద్దున్నే వచ్చి తోటకు నీళ్ళు పెట్టి వెళ్ళేవారు.

బడికి కొత్త గదులు మంజూరయ్యాయి. ఇంజనీరు సరిగ్గా తోటలోనే ముగ్గు పోశాడు. ఆవిడ నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగారు.

"పద్మా, కాయలింకా ముదరలేదే. నెల్రోజులు ఆగమను, విత్తనమన్నా దక్కుతుంది."

"నా చేతుల్లో లేదండీ" అన్నాను.

నేనసలు ఎవరినీ అడగలేదు. నాలుగు పాదుల కోసం పైవాళ్ళను బతిమాలడం చిన్నతనమనిపించింది.

మర్నాడు తవ్వే యంత్రం వచ్చింది. ఆవిడ చేతిసంచీతో దానికి ముందు నడుస్తూ పచ్చికాయలన్నీ తెంపుకున్నారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను వరండాలో నిలబడి చూశాను. వెళ్ళేటప్పుడు ఆవిడ నా దగ్గర ఆగారు.

"మీకు ఇబ్బంది కలిగించాను మేడం గారూ."

అన్నేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదలు. ఆ మాటలో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

ఆవిడ మళ్ళీ బడి వైపు రాలేదు. రెండు నెలలకు నేనే ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద వరసగా మట్టి కుండీలు, ఒక్కదాంట్లోనూ మొలక లేదు. ఆవిడ చెంబుతో వాటికి నీళ్ళు పోస్తున్నారు. "పచ్చి గింజలు కదండీ, మొలవవు" అన్నారు, పాఠం చెబుతున్నట్టే. అంటూనే పక్క కుండీలో పోశారు. ఆ ఎండాకాలంలోనే పోయారు.

గదుల ప్రారంభం నాడు ఇంజనీరు కాఫీ తాగుతూ తోట సంగతి ఎత్తాడు. పెద్దావిడ బాధపడిందని ఎవరో చెప్పారట.

"తూర్పున అంత ఖాళీ ఉంది కదా మేడం. ఒక్క మాట చెప్పుంటే అటు జరిపేవాళ్ళం."

ఆ గదుల్లోనే ఇప్పుడు చరిత్ర చెబుతున్నాను. రాజ్యాలు కూలిపోవడానికి కారణాలు రాయమని పిల్లలను అడుగుతాను, వాళ్ళు వరసగా రాస్తారు. ఆ తోట ఎందుకు పోయిందని మాత్రం నన్నెవరూ అడగరు. అడిగితే చెప్పేస్తాను.