నాయనమ్మ వంకర కుట్టు

నా చిన్నప్పుడు మా వెల్దుర్తి వైపు ఇళ్లలో బొంత కుట్టడమంటే దాదాపు ఏడాది పని. పాత చీరల్లో చిరగని చోటు చూసి ముక్కలు కోసి, ఒకదానికొకటి అతికి ముందు పైగుడ్డ తయారుచేసేవాళ్లు. తర్వాత దాని కింద రెండు మూడు పాత పంచెలు, అడుగున ఓ ముతక చీర పరిచి, అన్నీ ఒకటయ్యేలా పైనుంచి కుట్లు వేసేవాళ్లు. ముక్కలు అతకడం ఎవరికైనా వస్తుంది. ఆ పై కుట్టు ఎలా వేయాలో తేల్చుకోవడమే అసలు పని. ఆ విషయంలో ఊళ్లో మా నాయనమ్మదే పైచేయి. ఆవిడ కుట్లు జొన్నగింజలు పేర్చినట్టుండేవి. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా ఇంట్లో అలాంటి పైగుడ్డ ఒకటి పూర్తయింది. అది పక్కింటి అక్కకు పుట్టబోయే బిడ్డ కోసం. అక్క ముప్పాళ్ళ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ఇక్కడ అత్తగారు లేరు, పురిటికి వెళ్లడానికి పుట్టింట్లో తల్లీ లేదు. బొంత పని మా నాయనమ్మ దగ్గరే నేర్చుకుంది. పైగుడ్డలో సగం ముక్కలు వాళ్లింటివి, సగం మావి. చివరి ముక్క అతికిన వారానికి పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా నాన్న ఒక పార్టీ, అక్క మొగుడు ఇంకో పార్టీ. ఓట్లు లెక్కపెట్టిన రోజు బడి ముందు ఇద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. మర్నాటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు, ఆడవాళ్లతో సహా. ఎవరు గెలిచారో ఇప్పుడు నాకు గుర్తు కూడా లేదు.

అక్కకు అప్పటికి ఎనిమిదో నెల. నొప్పులొచ్చిన రోజు ఆ పిల్ల పక్కన పెద్దదిక్కు ఎవరుంటారన్నదే నాయనమ్మ దిగులు. తానుగా వెళితే నాన్న ఊరుకోడు. పిలవకుండా వెళితే అక్క మొగుడు గడప తొక్కనివ్వడు.

ఆ రోజుల్లో నాయనమ్మ వసారాలో నాపరాళ్ల మీద బొంత పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, మూడు రోజులు ఊరికే దాని ముందు కూర్చుంది. నిలువు కుట్లయితే ఒక్క మనిషే ఒక పక్కనుంచి లాక్కురావచ్చు. గళ్లు వేస్తే గట్టిగా ఉంటుంది గానీ పసిబిడ్డ ఒంటికి గరుకు. చుట్టుకుట్టు అయితే అంచున మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి రావాలి. మెత్తగా ఉంటుంది, కానీ ఎదురెదురుగా ఇద్దరు కూర్చుంటేగాని సాగదు. మాచర్లలో టైలరుకిస్తే మిషన్ మీద పూటలో అయిపోతుందని నాన్న సలహా ఇచ్చాడు. నాయనమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు.

నాలుగో రోజు సూది తీసి, ఒక్కతే, చుట్టుకుట్టే మొదలుపెట్టింది. పక్కన కూర్చున్న నేను నోరెళ్లబెట్టాను. ఒక కుట్టు వేలెడు, దాని పక్కది అరవేలు. దారం ఒకచోట వదులు, ఇంకోచోట బిగువు. చుట్టుకుట్టులో మొదటి వరస తప్పితే లోపలి వరసలన్నీ ముడతలు పడతాయని నాకు కూడా తెలుసు. అలాగే ఒక చుట్టు పూర్తిచేసి, బొంత మడిచి నా నెత్తిన పెట్టింది.

"దొడ్డిదారిన పొయ్యి అక్కకియ్యవే. నాయనమ్మకి చూపు ఆనట్లా, కుట్టు సరిగ్గా పడిందో లేదో చూడమందని చెప్పు," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఊరందరి బొంతలకూ వంకలు పెట్టే మనిషి ఇలా కుట్టిందంటే వీధి వీధంతా నవ్వదా? ఆవిడ పరువు నేనే కాపాడాలనుకున్నాను. అక్క ముందు బొంత పరిచి, నాయనమ్మ చెప్పమన్న మాట చెప్పి, ఆ కుట్లు మాత్రం నావేనని కలిపాను.

అక్క ఆ వరస వెంట వేలు పెట్టి చివరిదాకా చూసింది. నవ్వలేదు. కళ్లు తుడుచుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. సాయంత్రం పొలం నుంచి వచ్చిన మొగుడు ఇదేందని అడిగాడట. "పుట్టబోయే నీ బిడ్డ బొంత. పెద్దామెకి చూపానక చెడిపొయ్యింది. ఎదురు కూర్చోను ఇంకో మనిషి కావాల. నువ్వు కూర్చుంటావా ఏంది?" అందట. ఆయనకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. మర్నాడు నాయనమ్మకు కబురొచ్చింది. నాన్న అడ్డం పడబోతే, చెడగొట్టింది తానే కాబట్టి సరిచేయకపోతే పోయేది తన పరువేనని చెప్పి వెళ్లిపోయింది.

బొంత నడిమికి రాకముందే ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులొచ్చాయి. ఎదురుగా నాయనమ్మ సూదితో కూర్చుని ఉంది. ఆడపిల్ల పుట్టింది. మగవాళ్లిద్దరూ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మాట్లాడుకోలేదు, అది వేరే సంగతి.

నా అబద్ధం పారిందనే నేను చాలాకాలం నమ్మాను. పెళ్లయి అత్తారింటికి వెళ్లేముందు చెప్పిరావడానికి వెళితే, అక్క పెట్టెలోంచి ఆ బొంత తీసి పరిచింది. ఒక మూల జానెడు మేర ఆ వంకర కుట్లు విప్పకుండా అలాగే ఉన్నాయి.

"అప్పటికి నీకు సూది పట్టను కూడా రాదు గదే. కుట్టు వంకరగా పొయ్యింది గానీ, దారం చివర ముడి మీ నాయనమ్మదే," అంది. మరి ఈ మూల ఎందుకు వదిలేశావని అడిగాను. "ఆమెకి రాక గాదు గదా. నాకోసరం చెడగొట్టుకుంది. అదంతా ఎట్టా విప్పేది?" అంది. అప్పటికి నాయనమ్మ పోయి రెండేళ్లు. నాకు ఏడుపాగలేదు.

కుట్టులో నాకు నాయనమ్మంత చెయ్యి రాలేదు గానీ, నా పచ్చళ్లంటే నాకూ గర్వమే. కిందటి నెలలో, పొలం గట్టు విషయంలో మాట తెగి ఏడాదిగా పలకని మా చెల్లెలికి ఫోన్ చేసి, గోంగూర పచ్చడిలో మెంతులెన్ని వేయాలని అడిగాను. నలభై ఏళ్లుగా నా చేతి పచ్చడి బంధువులందరి ఇళ్లకూ పోతుంది, తన ఇంటికి కూడా. చెల్లెలు పావుగంట సేపు నన్ను తిట్టి, కొలతలన్నీ చెప్పింది.

"నీకు రాదా ఏంది అక్కా?" అంది చివర్లో.

రాదన్నాను.