కరుణమ్మ సిస్టర్ నా క్యారియర్ ఎక్కిన రోజు

ఈ మధ్య ఒక ఉదయం మా అపార్ట్‌మెంట్ మెట్లు దిగుతుంటే కిరసనాయిలు వాసన గుప్పుమంది. కింద పార్కింగులో పక్క ఫ్లాటాయన సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పాత బ్రష్షుతో చైను రుద్దుతున్నాడు. ఈ రోజుల్లో ఆ నూనె ఆయనకు ఎక్కడ దొరికిందో గానీ, ఆ ఘాటుకు నా కాళ్లు ఆగిపోయాయి. కూరగాయల సంచి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మనసు డెబ్బయ్యో దశకంలో పాతబస్తీ హుస్సేనీ ఆలంలోని మా ఆరోగ్య కేంద్రం పెరట్లోకి వెళ్లిపోయింది. అక్కడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మోచేతుల దాకా నల్లగా చేసుకుని, కరుణమ్మ సిస్టర్ చైను కడుగుతున్నారు.

కరుణమ్మగారు ఆ కేంద్రంలో పెద్ద నర్సు, నా పై అధికారి. యాభై దాటిన మనిషి, భారీ విగ్రహం. శనివారం సాయంత్రం తప్ప మిగతా రోజుల్లో ఆవిడ తెల్లచీర మీద మరక చూసినవాళ్లు లేరు. ఆ చుట్టుపక్కల సందుల్లో సగంమంది పిల్లలకు బొడ్డు కోసింది ఆవిడే. నేనేమో గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లని, ఉద్యోగం తాత్కాలికం. నేను ఒంటరిగా ఇల్లిల్లూ తిరిగి కాన్పులు, టీకాలు చూసుకోగలనని వానాకాలం ముగిసేలోగా ఆవిడ డాక్టరుగారికి చెప్పాలి. చెప్పకపోతే నా చోటుకి ఇంకొకరు వస్తారు. నాన్నకు చూపు మందగించి పని మానేశాక ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. మా ఏరియా కిషన్‌బాగ్ దాకా ఉంది, కాలినడకన చుట్టి రావడం అయ్యే పని కాదు. సైకిల్ తొక్కడం నాకు వచ్చు. వచ్చన్న గర్వం అంతకంటే బాగా వచ్చు. దాన్ని చూసుకోవడం మాత్రం రాదు.

మొదటిరోజు నా సైకిల్‌ను ఆవిడ రోగిని చూసినట్టు చూశారు. హ్యాండిల్‌కు నేను రంగురంగుల ప్లాస్టిక్ కుచ్చులు కట్టుకుని ఉన్నాను. "పెండ్లికి పోతున్నవా, డ్యూటీకి పోతున్నవా?" అని అడిగి, నా చేతనే వాటిని పీకించారు. పత్తర్‌గట్టి వెనక సందులో ఆవిడకు తెలిసిన సైకిల్ సామాన్ల దుకాణం ఒకటి ఉండేది. అక్కడికి తీసుకెళ్లి వెనక చక్రానికి చీర చిక్కుకోకుండా వల, చైనుకు నిండా మూసే కవరు, సందు చివరిదాకా వినపడే బెల్లు పెట్టించారు. అంతవరకూ బాగానే ఉంది. ఆఖరున నా సన్నటి మెరుపుల క్యారియర్ తీయించి, పాలవాళ్ల సైకిళ్లకు ఉండే ఇనుప క్యారియర్ బిగించమన్నారు. నాజూకైన లేడీస్ సైకిల్‌కు ఆ మొద్దు ఇనుము చూసి నాకు ఏడుపొక్కటే తక్కువ. మందుల సంచికి అంత క్యారియర్ ఎందుకని గొణిగాను. దుకాణదారు నవ్వాడు.

ఆదివారం చర్చి కాబట్టి శనివారం సాయంత్రమే సైకిళ్ల పని. ముందు పొడిబట్టతో పైనుంచి కిందికి దుమ్ము దులపాలి. తర్వాత కవరు తీసి చైనుకు గ్యాస్‌నూనె పట్టించి (కిరసనాయిలును ఆవిడ అలాగే అనేవారు) నలుపంతా వదిలించాలి. ఆరాక ఒక్కో లంకెకు ఒక చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచెయ్యాలి, లేకపోతే ఊళ్లో దుమ్మంతా వచ్చి అక్కడే కాపురం పెడుతుంది. చివర్లో పానా పట్టుకుని ప్రతి నట్టునూ పలకరించాలి. నేను ఒకసారి తెలివి చూపించి, మెరుస్తాయని రిమ్ములకు కొబ్బరినూనె పూశాను. సోమవారం బ్రేకు ఎంత నొక్కినా రబ్బరు జారిపోయి, నేను వెళ్లి ఒక జామకాయల బండిని గుద్దాను. బండాయన నవ్వాపుకోలేక నాకే ఒక కాయ చేతిలో పెట్టాడు. కరుణమ్మగారు మాత్రం నవ్వలేదు. తలకు పెట్టేది తలకే పెట్టమని చెప్పి, రిమ్ములు రెండూ సబ్బునీళ్లతో కడిగించారు.

రౌండ్లకు వెళ్లేటప్పుడు ఆవిడ సైకిల్ నా వెనకే వచ్చేది. ఆ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. ఎడమపక్క మేక ఉంది, ముందు గుంత ఉంది, రిక్షా పక్కకు తిరుగుతోంది, కొంగు చూసుకో, బెల్లు కొట్టు. పత్తర్‌గట్టి రద్దీలో ఆ గొంతు విని, నేను బెల్లు కొట్టకముందే జనం పక్కకు తప్పుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. కళ్లముందు గుంతను కూడా చూసుకోలేనని అనుకునే మనిషి, నా గురించి డాక్టరుగారితో మంచి మాట ఎలా చెబుతారు? వానలు తగ్గుతున్న కొద్దీ నా ఆశ కూడా తగ్గుతూ వచ్చింది.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పాలు పోసే ఆయన కబురు తెచ్చాడు. కిషన్‌బాగ్‌లో బస్సు డిపో మెకానిక్ భార్య నాగమణికి నొప్పులు మొదలయ్యాయట. మొదటి కాన్పులో ఆ పిల్లకు బిడ్డ దక్కలేదు. ఈసారి తానే వస్తానని కరుణమ్మగారు మాటిచ్చి ఉన్నారు. ఇద్దరం సన్నటి వానలో బయల్దేరాం. దూద్‌బౌలి దాటామో లేదో, ఆవిడ సైకిల్‌కు పెడల్ కడ్డీని పట్టి ఉంచే పిన్ను విరిగిపోయింది. లోపల ఉండే ముక్క అది, ఎంత బాగా చూసుకున్నా విరిగేదాకా తెలియదు. పెడల్ వేలాడిపోయింది. చుట్టూ చూస్తే ఒక్క రిక్షా లేదు.

ఆవిడ సైకిల్‌ను పరాయి చెయ్యి ముట్టడం నేను అంతవరకు చూడలేదు. అలాంటిది దాన్ని ఒక చాయ్ హోటల్ గోడకు ఆనించి, గల్లా దగ్గరున్నాయనకు ఉర్దూలో ఓ మాట చెప్పి, వెనక్కి తిరిగి చూడకుండా నా దగ్గరికి వచ్చారు.

"నీ క్యారియర్ నట్లు ఎవరు బిగించిన్రు?"

"నేనే సిస్టర్."

"అయితే నడు."

సంచి ఒళ్లో పెట్టుకుని ఎక్కి కూర్చున్నారు. ఆ బరువుకు ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. వాననీళ్ల కింద ఏది గుంతో ఏది రోడ్డో తెలియడం లేదు. ఒకచోట గేదెలు అడ్డం వచ్చాయి. ఒకచోట లారీ బురదంతా మా మీద చిమ్మింది. ప్రతి మలుపులోనూ వెనక నుంచి ఆ గొంతు వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. కాసేపటికి ఎదురుచూడటం మానేశాను. దారి చూసుకున్నాను, బెల్లు కొట్టాను, తొక్కాను. కిషన్‌బాగ్ చేరేదాకా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు.

మేము వెళ్లేసరికి బిడ్డ తల బయటికి వస్తోంది, బొడ్డుపేగు మెడకు చుట్టుకుని ఉంది. కరుణమ్మగారు వేలు దూర్చి పేగును మెల్లగా తప్పించారు. నీలంగా ఉన్న పిల్లను తలకిందులుగా పట్టుకుని వీపు రుద్దారు. పిల్ల ఏడ్చింది. నాగమణి అత్తగారు అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

ఆ తర్వాత అరుగు మీద చాయ్ తాగుతూ, దారంతా ఎందుకు మాట్లాడలేదని అడిగాను.

"తొక్కేది నువ్వు. ఎనక కూసోని నేను మాట్లాడితే, నువ్వు తొవ్వ జూస్తవా, నా మాట ఇంటవా?"

"భయం వేయలేదా మీకు?"

"మస్తయింది. గది నా ఫికరు, నీకెందుకు జెప్పాలె?" చాయ్ కప్పు పక్కన పెట్టి, నా వైపు చూడకుండానే అన్నారు, "రేపటి సంది కిషన్‌బాగ్‌కు నువ్వొక్కదానివే పోవాలె. డాక్టర్ సాబ్‌కు నేను జెప్త."

అన్నట్టే చెప్పారు. నా ఉద్యోగం నిలిచింది. ఆ శనివారం పెరట్లో మాత్రం నా చైను కవరు మీద బురద చూసి మామూలుగానే తిట్టారు.

ఆవిడ రిటైరయ్యాక కొన్నేళ్లకు ఆ కుర్చీలో నేనే కూర్చున్నాను. కొత్తగా వచ్చిన అమ్మాయిలకు నేర్పినంతసేపూ నేర్పాను, తిట్టినంతసేపూ తిట్టాను. పని వాళ్ల చేతిలో పెట్టాక మాత్రం నోరు మూసుకున్నాను. అది నేర్పడం కంటే కష్టం. ఇప్పటికీ కష్టమే. పోయిన నెల మా కోడలు కొత్తగా కారు నేర్చుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాతబస్తీ చూపిస్తానంది. ఆటోలు, తోపుడుబండ్లు, ఎదురుగా అడ్డదిడ్డంగా వచ్చే బైకులు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఇంటికొచ్చి దిగాక కోడలు నా వైపు ఆశ్చర్యంగా చూసింది.

"మా అమ్మ కూడా నన్ను ఇంత నమ్మదు అత్తయ్యా" అంది.

గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. "రేపు కూడా నువ్వే తీసుకెళ్లమ్మా" అన్నాను.