అబ్బులు కాలి దెబ్బ

కాకినాడ రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేవు. మైళ్ళ దూరంలో లంగరు వేస్తే సరుకంతా పడవల మీద చేరవేయాలి. ఆ పడవల్ని గెడకర్రతో నెట్టి నడిపేవాడు అబ్బులు. చేపలు పట్టే ఇంటివాడు. 1892 ఎండాకాలంలో ఒక సాయంత్రం ఇసుకలో ఫుట్‌బాల్ ఆడుతున్న ఇంగ్లీషు ఓడవాళ్ళకి ఒక మనిషి తక్కువయ్యాడు. నిలబడి చూస్తున్న అబ్బులుని రమ్మని చెయ్యి ఊపారు. ఆట తెలియకుండానే దిగి మూడు గోల్స్ కొట్టాడు.

తర్వాత పడవవాళ్ళే ఒక జట్టు కట్టారు. వచ్చిన ప్రతి ఓడతోనూ పోటీయే. బూట్లు కూరుకుపోయే ఇసుకలో అబ్బులు ఉత్త కాళ్ళతో దూసుకుపోయేవాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, రంగూన్ నుంచి వచ్చినవాళ్ళు కూడా దిగుతూనే అతని పేరు అడిగేవారు. అతని ఆట చూడ్డానికి జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు.

1896లో ఒక ఆటలో, గోలు కాస్తున్న టామ్ అనే నావికుడు బంతి మీదకి దూకాడు. అబ్బులు కాలు ఆగలేదు. బంతితోపాటు టామ్ కాలికీ తగిలింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. గోలు అయింది. జనం కేకలు పెడుతుంటే అబ్బులు ఇసుకలో కూలబడిపోయాడు.

ఓడ టామ్‌ని ఆసుపత్రిలో వదిలి వెళ్ళిపోయింది. అబ్బులు ఆట మానేశాడు. రోజూ పని అవగానే, భార్య లోవమ్మ వండిన చేపల పులుసు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళేవాడు.

"కారం తగ్గించావా?"

"తగ్గించాను మావా. నువ్వు తిన్నాక వెళ్ళు."

తినేవాడు కాదు.

"కావాలని కొట్టలేదు కదరా!" అన్నాడు జట్టు పెద్ద గంగయ్య.

"కావాలని కొట్టలేదు. అయినా విరిగింది కదా."

మూడు నెలలకి టామ్ కర్ర పట్టుకుని నడిచాడు. వేరే ఓడ ఎక్కే రోజున రేవుకొచ్చి, గోలుకి గుర్తుగా పాతిన గెడల మధ్య నిలబడి బంతి చూపించాడు. అబ్బులు తల అడ్డంగా ఊపాడు.

"కొట్టు, అబ్బులు!" అన్నాడు టామ్, ఆసుపత్రిలో నేర్చుకున్న తెలుగులో.

అబ్బులు మెల్లిగా తన్నాడు. టామ్ బంతిని కర్రతో వెనక్కి నెట్టాడు.

"గట్టిగా!"

ఈసారి బంతి అతని చెవి పక్కనుంచి దూసుకుపోయింది. టామ్ పగలబడి నవ్వాడు. అబ్బులుకి ఏడుపు ఆగలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు ఆడాడు. అంత పేరు మరొకరికి రాలేదు. అయితే ఎదుటివాడు కింద పడితే మాత్రం, గోలు ముందున్నా సరే, ఆగిపోయేవాడు. అలా చేజారిన ఆటలు చాలానే ఉన్నాయి. గంగయ్య వాటిని తలుచుకుని బతికినన్నాళ్ళూ సణుగుతూనే ఉన్నాడు.